పలుచని సంచీతో ఐరోపా నగరాల నడుమ

ఒక తరం క్రితం మన ఇళ్ళలో 'బయటి దేశం' అంటే గల్ఫ్ అనే అర్థం. దుబాయి, జిద్దా, కువైట్ పేర్లు పసిపిల్లలకు కూడా నోటికి వచ్చేవి. ఇప్పుడు ఆ వరుసలో బెర్లిన్, మ్యూనిక్, వార్సా చేరాయి. జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విదేశీ విద్యార్థుల నుంచి కూడా ట్యూషన్ ఫీజు వసూలు చేయవు. అందువల్ల మధ్యతరగతి ముస్లిం కుటుంబాల బిడ్డలు హైదరాబాదు నుంచి, గుంటూరు నుంచి, కర్నూలు నుంచి అక్కడికి వెళ్ళి చదువుకుంటున్నారు. ఏడాదో రెండేళ్ళో గడిచాక ఆ బిడ్డ "అమ్మీ, అబ్బా, ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళండి" అంటాడు. అప్పుడు ఇంట్లో లెక్కల కాగితం తెరుచుకుంటుంది.

ఆ కాగితంలో మొదట రాసేది విమాన టికెట్టు. అది నిజంగానే పెద్ద ఖర్చు. కానీ దానిని తగ్గించుకునే మార్గాలు మన చేతిలో పెద్దగా ఉండవు. మన నేర్పు పనిచేసేది అక్కడ దిగిన తరువాత, ఒక నగరం నుంచి మరొక నగరానికి వెళ్ళే ఖర్చులో. అదే దూరానికి, అదే రోజున, పక్కపక్క సీట్లలో కూర్చున్న ఇద్దరిలో ఒకరు రెండవవారికన్నా నాలుగు రెట్లు చెల్లించి ఉండటం అక్కడ వింత కాదు. తెలిసినవాడికి ఒక ధర, తెలియనివాడికి మరొక ధర.

వీసా కాగితంలో ఒక్క పదం

ప్రయాణ మార్గం నిర్ణయించుకునే ముందు వీసా నియమం అర్థం చేసుకోవాలి. 1985 జూన్ 14న లక్సెంబర్గ్‌లోని షెంగెన్ అనే చిన్న గ్రామం వద్ద, మొసెల్ నదిపై నిలిచిన ఓడలో అయిదు దేశాలు ఒక ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ గ్రామం పేరే నేటి వీసాకు పేరైంది. ఇప్పుడు ఆ ఒప్పందంలో 29 దేశాలున్నాయి. ఒక్క వీసాతో వాటన్నింటిలో తిరగవచ్చు. ఏ 180 రోజుల్లోనైనా మొత్తం మీద 90 రోజులకు మించకూడదు. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళలోపు పిల్లలకు 45 యూరోలు. అంతకన్నా చిన్నవారికి రుసుము లేదు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఎక్కువ రోజులు గడిపే దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి చేయాలి. ఫలానా దేశం వీసా త్వరగా ఇస్తుందని విని అక్కడ దరఖాస్తు చేసి, తీరా సెలవంతా మరొక దేశంలో గడపడం మంచిది కాదు.

వీసా మీద ప్రవేశాల సంఖ్య రాసి ఉంటుంది. దానిని చాలామంది చూడరు. ఒక్క ప్రవేశానికే ఇచ్చిన వీసాతో షెంగెన్ ప్రాంతం వెలుపలికి, అంటే లండన్‌కో ఇస్తాంబుల్‌కో బోస్నియాకో వెళితే, తిరిగి లోపలికి రావడానికి వీలుండదు. అటువంటి దేశమేదైనా ప్రయాణంలో ఉంటే దరఖాస్తులోనే బహుళ ప్రవేశాలు కోరి, ఎందుకో వివరించాలి.

బస్సు, రైలు, విమానం

అక్కడ అన్నిటికన్నా చౌక ప్రయాణం బస్సుదే. దీని వెనుక చిన్న చరిత్ర ఉంది. రైల్వేకు పోటీ రాకూడదని 1930ల నాటి చట్టం జర్మనీలో దూరప్రాంత బస్సులను కట్టడి చేసింది. 2013 జనవరి 1న ఆ కట్టడి తొలగింది. ఆ ఏడాదే ఫ్లిక్స్‌బస్ అనే సంస్థ బస్సులు నడపడం మొదలుపెట్టి, కొన్నేళ్ళలోనే ఖండమంతా విస్తరించింది. ఆకుపచ్చ రంగు బస్సులు ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా కనిపిస్తాయి. ముందుగా కొంటే బెర్లిన్ నుంచి ప్రాగ్‌కు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు టికెట్టు ఒక పూట హోటల్ భోజనం ఖర్చుతో దొరుకుతుంది.

రాత్రి బస్సు ఎక్కితే గది అద్దె కూడా మిగులుతుందని విద్యార్థులు చెబుతారు. ఇరవై ఏళ్ళ కుర్రవాడికి ఆ లెక్క సరిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లికి, చక్కెర వ్యాధి ఉన్న తండ్రికి సరిపోదు. మన స్లీపర్ బస్సుల్లో మాదిరి పడుకునే బెర్తు అక్కడ ఉండదు. కూర్చునే నిద్రపోవాలి. తెల్లవారి అయిదింటికి ఊరి చివరి బస్టాండులో దించుతారు. హోటల్ గది మధ్యాహ్నం వరకు ఇవ్వరు. ఆ పూటంతా కాఫీ దుకాణాల్లో కూర్చోవడానికి పెట్టిన ఖర్చు, మరునాటి అలసట కలిపి చూస్తే మిగిలింది ఏమీ ఉండదు. వయసు మళ్ళినవారు తోడున్నప్పుడు నాలుగైదు గంటలకు మించని పగటి బస్సే మేలని నా అభిప్రాయం.

రాత్రి ప్రయాణం తప్పనిసరి అయితే రైలు ఉంది. జర్మన్ రైల్వే తన రాత్రి రైళ్ళను వదిలేసినప్పుడు, 2016 డిసెంబరులో ఆస్ట్రియా రైల్వే వాటిలో చాలావాటిని చేపట్టి 'నైట్‌జెట్' పేరుతో నడుపుతోంది. అందులో మన రైళ్ళలాగే బెర్తులుంటాయి. స్త్రీలకు మాత్రమే కేటాయించే అరలున్నాయి. టికెట్టు కొనేటప్పుడే అడగాలి. కుటుంబమంతా కలిసి ఒక అర మొత్తం తీసుకోవచ్చు. పరదా, ఏకాంతం కోరే మన ఆడవాళ్ళకు ఇది ఊరట. బస్సుకన్నా ధర ఎక్కువే. అయితే గది అద్దె నిజంగా మిగిలేది ఇక్కడే.

రైళ్ళ విషయంలో సూత్రం ఒక్కటే: ముందుగా కొనాలి. మన రైల్వేలో ఏ తరగతికి ఎంత అన్నది దాదాపు స్థిరంగా ఉంటుంది. అక్కడ వేగ రైళ్ళ ధర విమాన టికెట్టులా రోజురోజుకూ మారుతుంది. జర్మన్ రైల్వే 'స్పార్‌ప్రైస్' పేరుతో అమ్మే పొదుపు టికెట్లు నెలల ముందే తెరుస్తారు; చవకవి ముందు అయిపోతాయి. ఆ టికెట్టు ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. జర్మనీలో 6 ఏళ్ళలోపు పిల్లలకు టికెట్టు అక్కరలేదు. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలు తల్లిదండ్రులతో దూరపు రైళ్ళలో ఉచితంగా వెళ్ళవచ్చు. కానీ వారి సంఖ్యను టికెట్టు కొనేటప్పుడే అందులో చేర్చాలి. ఈ చిన్న గడి నింపకుండా రైలెక్కితే టికెట్టు లేని ప్రయాణం కిందే లెక్క.

జర్మనీలో చదివే మన పిల్లలకు బాగా తెలిసినది 'డాయిష్‌లాండ్ టికెట్టు'. 2023 మే నెలలో 49 యూరోలతో మొదలైంది. 2025లో 58 యూరోలు, 2026లో 63 యూరోలు అయింది. నెలంతా దేశంలో ఎక్కడైనా నగర బస్సులు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్ళు ఎక్కవచ్చు. వేగ రైళ్ళకు మాత్రం చెల్లదు. మ్యూనిక్ నుంచి సరిహద్దు దాటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ స్టేషను వరకు కూడా ఇది చెల్లుతుంది. చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా దీనిని తీసుకోవచ్చు. అయితే ఇది నెలనెలా తనంతట తానే కొనసాగే చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే తరువాతి నెల సొమ్ము కూడా ఖాతా నుంచి పోతుంది. అమ్మీ, అబ్బా గుంటూరు చేరిన తరువాత కూడా వారి పేరిట బెర్లిన్‌లో మెట్రో ఖర్చు నడుస్తూనే ఉంటుంది!

చాలా దేశాలు తిరిగే ఆలోచన ఉన్నవారికి రైల్ పాస్ ఉంది. ఒకే రకమైన పాస్‌కు రెండు పేర్లు. ఐరోపాలో నివసించేవారికి 'ఇంటర్‌రైల్', బయటి నుంచి వచ్చినవారికి 'యూరెయిల్'. కాబట్టి అక్కడ చదివే కొడుకు మొదటిది, మన దేశం నుంచి వెళ్ళిన తల్లిదండ్రులు రెండవది తీసుకోవాలి. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ వేగ రైళ్ళలో పాస్ ఉన్నా సీటు రిజర్వేషనుకు వేరుగా చెల్లించాలి. రెండు మూడు నగరాలకే పరిమితమయ్యేవారికి పాస్ దండుగ. విడివిడి టికెట్లే లాభం. స్పెయిన్‌లో అయితే పాస్ ఆలోచనే వద్దు. అక్కడ 2021 నుంచి వేగ రైలు మార్గాల్లో ప్రభుత్వ సంస్థకు ఇతర సంస్థల పోటీ మొదలైంది. మాడ్రిడ్–బార్సెలోనా మధ్య 620 కిలోమీటర్ల దూరాన్ని రెండున్నర గంటల్లో దాటే రైలు టికెట్టు ఒక్కోసారి బస్సు ధరకే దొరుకుతుంది. మాడ్రిడ్ నుంచి రెండు గంటల్లోపే కొర్డోబా చేరవచ్చు. ఉమవీల నాటి జామె మస్జిదు ఇప్పుడు చర్చి అధీనంలో ఉంది, అక్కడ నమాజుకు అనుమతి లేదు. సోమవారం నుంచి శనివారం వరకు ఉదయం 8:30 నుంచి గంటసేపు ఉచిత ప్రవేశం ఇవ్వడం చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. ఆ ఎర్రని, తెల్లని కమానుల మధ్య జనం లేని వేళ నడవాలన్నా అదే సరైన సమయం.

ఇక చౌక విమానాలు. పది, ఇరవై యూరోలకు విమానం అని ప్రకటన చూడగానే మనసు లాగుతుంది. ఆ ధరలో వచ్చేది ఒక సీటు, కాళ్ళ దగ్గర పట్టే ఒక చిన్న సంచి. అంతకుమించి ఏది కావాలన్నా వేరే రుసుము. పైగా ఆ విమానం దిగే చోటు ఆ నగరం కాకపోవచ్చు. 'ఫ్రాంక్‌ఫర్ట్ హాన్' అనే విమానాశ్రయం ఫ్రాంక్‌ఫర్ట్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో ఉంది. పారిస్ పేరు పెట్టుకున్న బోవే, పారిస్‌కు 80 కిలోమీటర్ల పైనే. స్టాక్‌హోమ్ స్కావ్‌స్టా దాదాపు 100 కిలోమీటర్లు. విజయవాడ టికెట్టు కొని రాజమండ్రి దారిలో సగంలో దిగినట్లు.

నలుగురి కుటుంబం ఒకటి ఊహించుకుందాం: ఇద్దరు పెద్దలు, పదేళ్ళలోపు ఇద్దరు పిల్లలు. విమాన టికెట్టు తలకు 20 యూరోల చొప్పున 80. రెండు పెట్టెలకు 35 చొప్పున 70. విమానాశ్రయం బస్సుకు తలకు 15 చొప్పున 60. మొత్తం 210. అదే రెండు నగరాల మధ్య ముందుగా కొన్న రైలు టికెట్టు పెద్దలకు 40 చొప్పున 80, పిల్లలకు సున్నా. పెట్టెలకు రుసుము లేదు, స్టేషను ఊరి నడుమనే. ఈ అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి. ఏ టికెట్టు కొనేముందైనా ఇదే విధంగా కాగితం మీద వేసి చూడాలి. ఒంటరిగా, ఒక్క సంచితో, పదిహేను వందల కిలోమీటర్లు వెళ్ళే విద్యార్థికి మాత్రం విమానమే గెలుస్తుంది.

మరొక సంగతి. వీసా అవసరమైన దేశాల పౌరుల పత్రాలను విమానం ఎక్కేముందు తనిఖీ చేయాలని కొన్ని చౌక విమాన సంస్థల నియమం. మన పాస్‌పోర్టు ఉన్నవారు నేరుగా గేటు వద్దకు పోకుండా ముందు కౌంటరు వద్ద ఆ పని పూర్తి చేసుకోవాలి.

ఆలస్యమైతే ప్రయాణికుడికి హక్కులున్నాయి. ఐరోపా సమాఖ్య నియమాల ప్రకారం రైలు గంట ఆలస్యంగా చేరితే టికెట్టు ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగి కోరవచ్చు. 1,500 కిలోమీటర్లలోపు విమానం సంస్థ లోపం వల్ల మూడు గంటలు ఆలస్యంగా చేరితే 250 యూరోలు. టికెట్టు ఎంత చౌకదైనా ఇదే. ధర్మంగా వచ్చే సొమ్మును అడగడానికి మొహమాటం ఎందుకు? అయితే రెండు వేర్వేరు సంస్థల టికెట్లు కొని, మొదటిది ఆలస్యమై రెండవది తప్పిపోతే ఎవరూ బాధ్యత వహించరు. అటువంటప్పుడు మధ్యలో కనీసం మూడు గంటలు వదలాలి.

సంచీలో ఏముండాలి, ఏముండరాదు

బిడ్డకోసం అమ్మ కట్టే మూటల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. ఐరోపా సమాఖ్య బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలు, వాటితో చేసిన పదార్థాలు తేవడాన్ని నిషేధించింది. అంటే మటన్ పచ్చడి, నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయి ఏదీ వద్దు. పట్టుబడితే చెత్తబుట్ట పాలే కాక జరిమానా కూడా పడవచ్చు. పండ్లలో ధ్రువపత్రం లేకుండా అనుమతించేవి అయిదే: అనాస, కొబ్బరికాయ, అరటి, డూరియన్, ఖర్జూరం. మామిడిపండ్లు ఇంట్లోనే వదలండి. కారంపొడి, కందిపొడి, వేయించిన అటుకులు నిక్షేపంగా పోతాయి.

ఒక చిన్న ఖాళీ సీసా ప్రతి ఒక్కరి సంచీలో ఉండాలి. అక్కడి శౌచాలయాల్లో నీళ్ళ ఏర్పాటు ఉండదు, కాగితమే. స్టేషన్లలో లోపలికి పోవడానికే అర యూరో, యూరో అడుగుతారు. రైలు లోపలైతే ఉచితం. తాగునీరు కొనవలసిన పని లేదు. వియన్నా కుళాయిల్లో 1873 నుంచి ఆల్ప్స్ పర్వతాల ఊటనీరు వస్తోంది. జర్మనీలో ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు అదనంగా తీసుకుంటారు. ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేస్తే ఆ సొమ్ము తిరిగి వస్తుంది. తెలియక సీసాలు పారేసే కుటుంబం వారం రోజుల్లో ఒక పూట భోజనం పారేసినట్లే.

బయట కార్డుతో చెల్లించేటప్పుడు "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని యంత్రం అడుగుతుంది. యూరోలే ఎంచుకోవాలి. రూపాయలు ఎంచుకుంటే ఆ యంత్రం వారు తమకు నచ్చిన మారకపు రేటు వేసుకుంటారు.

హలాల్ భోజనం అనుకున్నంత కష్టం కాదు. 1961లో జర్మనీ తుర్కియాతో కార్మికుల ఒప్పందం చేసుకున్నది. అలా వచ్చినవారి మనుమలు నడిపే దుకాణాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో అల్జీరియా, మొరాకో వారివి. అయినా తుర్కీ పేరు కనిపించగానే హలాల్ అని అనుకోరాదు, అడగాలి. ప్రాగ్, బుడాపెస్ట్ నగరాల్లో జాగ్రత్త ఎక్కువ అవసరం. అక్కడ కొన్ని రకాల రొట్టెల్లో సైతం పంది కొవ్వు వాడతారు. పంది మాంసాన్ని జర్మన్‌లో 'ష్వైన్' అని, చెక్ భాషలో 'వెప్రోవే' అని, హంగేరియన్‌లో 'షెర్టేష్' అని అంటారు. ఈ మూడు మాటలను బిడ్డచేత ఆయా లిపుల్లో ఒక చీటీ మీద రాయించుకుంటే కొనుగోలు సులువవుతుంది. వంటగది ఉన్న గది తీసుకుని, బియ్యం, గుడ్లు, కూరగాయలు కొని వండుకోవడం అన్నిటికన్నా చౌక, అన్నిటికన్నా నిశ్చింత. విద్యార్థుల హాస్టళ్ళ వంటి బసల్లో ఆడవాళ్ళు, మగవాళ్ళు కలిసి పడుకునే గదులే చౌకగా కనిపిస్తాయి. బుక్ చేసేముందు చూసుకోవాలి.

నమాజు సంగతి. మన ఊళ్ళలో ఖిబ్లా పడమర వైపు. మధ్య ఐరోపాలో ఆగ్నేయం వైపు. జీవితమంతా ఒకే దిక్కుకు అలవాటుపడిన పెద్దలు తెలియకుండానే పడమరకు తిరుగుతారు. వేళలు కూడా వేరు. జూన్ చివర బెర్లిన్‌లో రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో మగ్రిబ్; డిసెంబరులో సాయంత్రం నాలుగు కాకముందే. హనఫీ మస్లక్ ప్రకారం సుమారు 48 మైళ్ళకు మించిన ప్రయాణంలో ఉండి, ఒకచోట పదిహేను రోజులకన్నా తక్కువ ఆగే సంకల్పం ఉన్న ముసాఫిర్‌కు నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండే. రెండు నమాజులను కలిపి చేయడంలో మస్లక్‌ల మధ్య భేదం ఉంది. బయలుదేరేముందే మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. జర్మనీలో చాలా మస్జిదులు వీధిలోకి కనిపించవు. వెనుక పెరళ్ళలో, పాత గోదాముల్లో ఉంటాయి. స్త్రీలకు చోటు అన్నింటిలో ఉండదు కనుక ముందుగా విచారించాలి.

సరాయెవో వైపు

ఐరోపాలో తక్కువ ఖర్చుతో, ఎక్కువ మనశ్శాంతితో చూడగల నగరం ఒక్కటి చెప్పమంటే నేను బోస్నియా రాజధాని సరాయెవో పేరు చెబుతాను. పారిస్, వెనిస్ చూడకపోయినా పరవాలేదు. బోస్నియా షెంగెన్‌లో లేదు. కానీ చెల్లుబాటులో ఉన్న బహుళ ప్రవేశాల షెంగెన్ వీసా ఉన్నవారిని వేరే వీసా లేకుండా 30 రోజుల వరకు అనుమతిస్తుంది. వారి నాణెం 'మార్క్'. ఒక యూరోకు 1.95583 మార్కులు, ఈ రేటు స్థిరం. వియన్నాలో ఒకరు తినే సొమ్ముతో ఇక్కడ ఇద్దరు తృప్తిగా తింటారు.

పాత బజారు పేరు బాష్‌చార్షియా. గాజీ ఖుస్రో బేగ్ 16వ శతాబ్దంలో కట్టించిన మస్జిదు దాని నడుమ ఉంది. పక్కనే గడియార స్తంభం. చాంద్రమాన లెక్కతో నడిచే గడియారం అది; సూర్యాస్తమయానికి ముల్లు పన్నెండు దగ్గర ఉంటుంది. రోజులు పెరిగేకొద్దీ, తరిగేకొద్దీ దానిని మనిషి చేత్తో సరిచేస్తూ ఉంటాడు. బజారులో చెవాపి అనే కబాబులు, బురెక్ అనే మాంసపు పొరల రొట్టె వేడివేడిగా దొరుకుతాయి.

మన ఊళ్ళలో ముసాఫిర్‌ఖానా అనే మాట ఇంకా బతికే ఉంది. ఈ నగరం మొదలైందే అటువంటి వఖ్ఫ్‌తో. నగర స్థాపకుడు ఈసా బేగ్ 1462లో రాయించిన వఖ్ఫ్ పత్రంలో ప్రయాణికులకు, పేదలకు, విద్యార్థులకు బస, భోజనం ఏర్పాటు చేశాడు. ఆనాటి సరాయిల్లో మోరిచా హాన్ అనేది నేటికీ బజారులో నిలిచి ఉంది. ఇప్పుడు అందులో హోటళ్ళు, తివాచీ దుకాణాలు. గుర్రాలు కట్టిన ముంగిట్లో ఒక కప్పు బోస్నియా కాఫీతో ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. ఊరి మీది పసుపు కోట ఎక్కడానికి టికెట్టు లేదు. రమజానులో ఇఫ్తార్ వేళ అక్కడే ఫిరంగి పేలుస్తారు. కిందికి చూస్తే కొండ వాలుల్లో తెల్లని సమాధి రాళ్ళ వరుసలు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి వరకు ఈ నగరాన్ని ముట్టడించారు. ఆ రాళ్ళలో చాలావాటిపై ఆ సంవత్సరాలే కనిపిస్తాయి.

అక్కడి నుంచి మోస్తార్‌కు నెరెత్వా నది లోయ వెంట రైలు ఉంది; రెండు గంటల ప్రయాణం, చాలా తక్కువ టికెట్టు. 1566లో కట్టిన మోస్తార్ రాతివంతెనను 1993 నవంబరు 9న ఫిరంగులతో కూల్చారు. పాత పద్ధతిలోనే తిరిగి కట్టి 2004 జులైలో తెరిచారు. దానిపై నడవడానికి రుసుము లేదు. రాళ్ళు నున్నగా జారుతాయి. పెద్దవారి చెయ్యి పట్టుకుని నడిపించాలి.

బయటి దేశాల నుంచి సరాయెవోకు ఏడాది పొడవునా నడిచే రైళ్ళు లేవు. జాగ్రెబ్ నుంచి బస్సులో రావడం సులువు. 2023 జనవరి నుంచి క్రొయేషియా షెంగెన్‌లో చేరినందువల్ల వియన్నా నుంచి జాగ్రెబ్ వరకు ఒకే వీసా ప్రాంతం. ఆ తరువాతి సరిహద్దులో అసలు తనిఖీ. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా మొదలైంది. బస్సులోని అందరూ దిగి వరుసలో నిలబడాలి. వేసవి సెలవుల్లో గంటల కొద్దీ ఆగిపోవచ్చు. అందువల్ల సరాయెవో నుంచి తిరిగి వచ్చే రోజునే స్వదేశానికి విమానం పెట్టుకోకండి; జాగ్రెబ్‌లో ఒక రాత్రి బస లెక్కలో వేసుకోండి.